తిట్లు రాని భాషతో మడకశిర దాకా

బుధవారం మధ్యాహ్నం నాలుగో పీరియడు నడుస్తుండగా బంట్రోతు ఒక పోస్టుకార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అనంతపురంలో నేను పాఠాలు చెప్పే బడికి నా పేరున ఉత్తరాలు రావడమే అరుదు. అది కూడా పెన్సిలుతో రాసింది. మా తమ్ముడు ఓబులేసుతో కలిసి గొర్రెలు మేపే తోటి కాపరి మడకశిర దాకా నడిచి వచ్చి, ఎవరిచేతనో రాయించి వేసిన కార్డు.

"మీ తమ్ముని కంబళి లాక్కున్నారు. కొట్టినారు. చావడిలో పెట్టినారు. మంద బందెలదొడ్డిలో ఉండాది. శుక్రవారం పొద్దున వేలం వేస్తామంటాండారు. మాకు ఈడి బాస రాదు. నువ్వు రావాల."

పిల్లలకు లెక్కలిచ్చి కూర్చోబెట్టి ఆ కార్డు నాలుగుసార్లు చదివాను. ఇది అరవైల మొదట్లో మాట. వానలు లేక అది మూడో ఏడు. మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. అక్కడ గడ్డిపరక లేక మందలన్నీ కన్నడ సీమ వైపు కదిలాయి. పరాయి పొలంలో పడ్డ పశువుల్ని తోలి మూసేసేది బందెలదొడ్డి. ఫిర్యాదు చేసినవాడు సరేనంటే వదులుతారు, లేకపోతే వేలం. ఓబులేసుకు ఉన్నదల్లా ఆ అరవై రెండు గొర్రెలు. సెంటు భూమి లేదు. మంద పోతే వాడూ వాడి పెళ్ళాంబిడ్డలూ కూలికి పోవాల్సిందే. పైగా కేసు పెడితే జైలు.

అన్నిటికంటే నన్ను మండించింది కంబళి మాట. మా వైపు గొర్రెల కాపరి భుజం మీది కంబళి లాక్కున్నారంటే పదిమందిలో వాణ్ణి గొర్రెల దొంగ అన్నట్టే. మా నాయన ఆ పనే చేసి బతికాడు. నేను నాలుగు అక్షరాలు నేర్చి అయ్యవారినయ్యాను గానీ ఆ కంబళి వాసనలో పెరిగినవాణ్ణే. ఆ సాయంత్రమే సెలవు చీటీ రాసిచ్చాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. నేనూ మా తమ్ముడూ మాట్లాడుకొని అప్పటికి రెండేళ్ళు. వాడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నాయన పోయాక పెంచింది నేనే. రెండేళ్ళ కిందట ఏదో చిన్న గొడవలో, చుట్టాలందరి ముందూ, "గొర్రెల ఎంబడి తిరిగి తిరిగి నువ్వూ గొర్రెవే అయినావు" అన్నాను. వాడు కంబళి భుజానేసుకొని వెళ్ళిపోయాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానివల్ల నాకు కలిగిన లాభం ఇంతవరకూ ఒక్కటీ లేదు.

గురువారం పొద్దున ఆరింటి పాసింజరు ఎక్కాను. హిందూపురానికి మూడో తరగతి. మా ఆవిడ జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి మూట కట్టి, ఒక సత్తు డబ్బాలో నీళ్ళు పోసిచ్చింది. ఎవరైనా ఎండాకాలంలో ఆ వైపు వెళ్ళేట్టయితే నీళ్ళు మాత్రం మరవకండి. దారిలో దుడ్లిచ్చినా దొరకవు.

ధర్మవరం దాకా కిటికీలోంచి చూస్తూ మనసులో ఉపన్యాసం తయారుచేసుకున్నాను. మొదట మందను పట్టించిన రైతును నిలదీయాలి. కలెక్టరు మాట ఎత్తాలి, తర్వాత కోర్టు మాట. మనిషిని చావడిలో పెట్టడానికి నువ్వెవరని అడగాలి. వాక్యాలు పదునుగా వస్తున్నాయి. చిత్రావతి ఇసకలో ఆడవాళ్ళు చెలమలు తవ్వుకుంటూ కనిపించారు. చెలమకు పదిమంది చొప్పున కూర్చొని, గిన్నెతో ఊరిన నీళ్ళు తోడుతున్నారు. వాళ్ళను చూస్తూ కూడా నేను ఆ రైతును తిడుతూనే ఉన్నాను.

ధర్మవరంలో ఒక సాయిబు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర తోలుతిత్తి, నవాసారం మూట. పేరు దస్తగిరి, ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి వేస్తాడు. యాడికి సార్ అని అడిగాడు. అడిగిందే తడవుగా కథంతా చెప్పేశాను. అంతా విని, నీకు ఆడి బాస వస్తాదా అన్నాడు. ఏడాదిగా నేర్చుకుంటున్నానన్నాను.

"అయితే ఒక మాట చెప్తా సార్. నాకు ఇంట్లో ఉర్దూలో కోపమొస్తాది. బజార్లో తెలుగులో వస్తాది. కన్నడంలో మాత్రం ఎప్పుడూ రాల్యా. ఆ బాసలో నేను గిన్నెలుండాయామ్మా అని అడుక్కుంటా తిరిగినా అంతే. కోప్పడేకి నేర్చుకోల్యా."

నేను నవ్వి ఊరుకున్నాను. మనిషికి కోపం ఒకటే ఉంటుంది గానీ భాషకొకటి ఉంటుందా అనుకున్నాను. కానీ అతను పెనుకొండలో దిగిపోయాక ఆ మాట నన్ను వదల్లేదు. మా బడిలో డ్రాయింగు చెప్పే బసవరాజయ్యగారు గుర్తొచ్చారు. నా కన్నడం గురువు ఆయనే.

ఆయనది బళ్ళారి వైపు. ఏడాది కిందట బడి చూడవచ్చిన అధికారి మీద నేను అరిచాను. హెడ్మాస్టరు పని చేతిదాకా వచ్చి పోయింది. ఆ సాయంత్రం ఆయన నా పక్కన కూర్చొని, "ఏమప్పా నారాయణా, నీకు తెలిసినవి ఎక్కువైనాయి. తెలీనిది ఒకటి పట్టుకో" అన్నారు. మర్నాటి నుంచి బడి వసారాలో రోజూ ఒక గంట కన్నడం. మూడు నెలలు నాచేత ప్రశ్నలే అడిగించారు. ఇదేమిటి, ఎందుకు, ఎవరు చెప్పారు, తర్వాతేమైంది. చెప్పడం ఎప్పుడు నేర్పుతారయ్యా అని విసుక్కుంటే, అడగడం వస్తే చెప్పడం దాని వెనకే వస్తుందనేవారు. తిట్లు నేర్పమని ఒకసారి సరదాగా అడిగాను. ఆయన సరదా పడలేదు. "అవి నీకు ఒక బాసలో ఉండాయి, చాలు" అని సుద్దముక్క కింద పెట్టేశారు.

తర్వాత ఇంకో పని పెట్టారు. ఆ రోజు నేను ఎవరితో గొడవపడితే ఆ గొడవను కన్నడంలో చెప్పాలి. నా మాటలే కాదు, అవతలివాడి మాటలు కూడా. అది చాలా కష్టం. తెలుగులో గొడవ చెప్పేటప్పుడు అవతలివాడు ఏదో కూశాడు అని దాటేస్తాం. కన్నడంలో వాడు ఏం అన్నాడో, ఎందుకన్నాడో ఒక్కొక్క మాటే వెతికి తెచ్చి పేర్చాలి. పేర్చేసరికి వాడి మాటలో కొంత సబబు కనబడేది. కొన్నాళ్ళకు తెలుగులో మాట్లాడేటప్పుడూ ఎప్పుడైనా నోరు ఒక క్షణం ఆగేది. ఎప్పుడైనా మాత్రమే. వసారాలో కూర్చొని చేసే సాధన వేరు, తమ్ముణ్ణి కొట్టినవాడి ముందు నిలబడటం వేరు అనుకుంటూ మళ్ళీ నా ఉపన్యాసంలో పడ్డాను.

పదకొండు కొట్టేవేళకు హిందూపురం చేరాను. స్టేషను బయట హోటల్లో భోంచేసి బస్సుల దగ్గరికి వెళ్ళేసరికి మడకశిర బస్సు నిండిపోయి ఉంది. టిక్కెట్లిచ్చే ఏజెంటు ఇంకెవరినీ ఎక్కించననన్నాడు. నేను చూస్తుండగానే ఒకామెను ఎక్కించాడు. ఇక నా నోరు ఆగలేదు. వాడి పుట్టుపూర్వోత్తరాలు ఎత్తాను. గుంపు చేరింది. వాడు తీరిగ్గా పుస్తకం మూసి చంకలో పెట్టుకొని, "ఇంగ నిన్ను ఈ బస్సు ఎక్కించనప్పా, పో" అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. ఆమె చంకలో జబ్బు బిడ్డ ఉందని తర్వాత ఎవరో చెప్పారు. నా నోటి దురదకు గంటన్నర ఖర్చయింది. అవతల గొర్రెలు ఆదివారం నుంచి దొడ్డిలో ఉన్నాయి. ఆ గంటన్నరా గోడ నీడన నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒంటిగంటన్నర బస్సులో చోటు దొరికింది. సగం దారిలో ఇంజను కాగి ఆగిపోయింది. దగ్గర్లో రెండు బావులున్నాయిగానీ రెంటిలోనూ అడుగున బురదే. కండక్టరు ఒక్కొక్కరి దగ్గరా చెంబెడు చెంబెడు అడిగి ఇంజనులో పోయించాడు. నా డబ్బా కూడా ఖాళీ అయింది. మడకశిరలో దిగేసరికి నాలుగు కావస్తోంది. అక్కడి నుంచి ఆ పల్లె నాలుగు మైళ్ళు. ఊరి పేరు రాయను, వాళ్ళకూ నాకూ ఇప్పుడు రాకపోకలున్నాయి. బండి ఏదీ దొరకలేదు. కార్డు వేయించిన కాపరి తన మందతో ముందుకు వెళ్ళిపోయాడని సంతలో ఎవరో చెప్పారు. చెప్పులు కాలుతుంటే ఒక్కణ్ణే నడిచాను.

ఊరికి ముందే బందెలదొడ్డి ఎదురైంది. మొలెత్తు రాతిగోడ, పైన కంప. మా మందను చెవి గాట్లు చూసి గుర్తుపట్టాను. నన్ను చూసి అవి అరవలేదు కూడా. ఉన్న ఒక్క తొట్టి చుట్టూ మూతులు పెట్టుకొని నిలబడ్డాయి, తొట్టి అడుగున తడి మాత్రమే ఉంది. రెండు పిల్లలు చచ్చి గోడ పక్కన పడి ఉన్నాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మరుక్షణం తల వేడెక్కిపోయింది. ఫిర్యాదు చేసింది ఎవరని కావలివాణ్ణి అడిగి తిన్నగా ఆ ఇంటికి నడిచాను.

ఆయన పేరు నంజుండప్ప. నలభై ఏళ్ళుంటాయి. అరుగు మీద తాడు పేనుతున్నాడు. నన్ను చూసి తెలుగులోనే అందుకున్నాడు, ఆ సరిహద్దు ఊళ్ళలో తెలుగు రాని మగవాళ్ళు తక్కువ.

"నువ్వేనా వాని అన్న?"

అవునన్నాను, ఇక తయారుచేసుకున్న ఉపన్యాసం ఎత్తాను. కలెక్టరు, కోర్టు, మనిషిని బంధించడం, కంబళి లాక్కోవడం, నోరులేని జీవాల్ని నీళ్ళు లేకుండా మాడ్చడం. రైల్లో అనుకున్నదానికంటే బాగా వచ్చింది. అంత బాగా వచ్చేసరికి చుట్టుపక్కల ఇళ్ళలోంచి ఎనిమిది మంది దాకా వచ్చారు, ఇద్దరి చేతుల్లో కర్రలున్నాయి. నంజుండప్ప తాడు పక్కనపెట్టి లేచాడు.

"నీ తమ్మునికి చెయ్యి, నీకు నోరు. అంతే కదా? పొద్దున వేలం అవుతాది. ఆ తర్వాత వాణ్ణి టేసన్లో ఇస్తా. యా కలెక్టర్‌ను పిల్చుకొస్తావో పిల్చుకురా."

అతను ఒక మెట్టు దిగాడు. నేను వెనక్కి తగ్గలేదు. తగ్గాలని తెలుసు, కాళ్ళు వినలేదు. ఇంకొక్క మాట ఎవరన్నా దెబ్బలే. అప్పుడు లోపలి నుంచి ఒక ముసలామె గడప దగ్గరికొచ్చింది. అతని తల్లి. ఎడమచేతికి వెదురుబద్దలు పెట్టి గుడ్డతో కట్టు కట్టి ఉంది. ఆమెకు తెలుగు రాదు. ఈయన ఏమంటున్నాడని కొడుకును కన్నడంలో అడిగింది. అతను చేత్తో ఆమెను లోపలికి పొమ్మన్నాడు. ఆమె నా వైపు తిరిగి, నువ్వే చెప్పు నాయనా, ఏమంటున్నావు అంది.

చెప్పబోయాను. నోరు కన్నడానికి తిప్పుకొని చూస్తే చెప్పడానికి ఏమీ లేదు. కోర్టుకీడుస్తానన్న మాట ఆ భాషలో నాకు లేదు. నీ అంతు చూస్తానన్నది లేదు. ఏడాదిపాటు బసవరాజయ్యగారు నా నోట్లో పోసినవాటిలో ముందు పైకొచ్చేవి ప్రశ్నలే. కళ్ళెదుట ఆ కట్టు ఉంది. నోటికి వచ్చింది ఒక్కటే.

చేతికేమైందమ్మా అని అడిగాను.

ఆమె కొడుకు వైపు చూసి, మళ్ళీ నావైపు చూసింది. "నీ తమ్ముడు తోశాడు. పడ్డాను" అంది.

ఆ సంగతి కార్డులో లేదు. తెలుగులో అయితే మా తమ్ముడు అట్లాంటివాడు కాదని అరిచేవాణ్ణే. కన్నడంలో ఆ వాక్యం వెతుక్కునేలోపు, ఎందుకు తోశాడు అన్న ప్రశ్న ముందు దొరికింది. తర్వాత, కంబళి ఎందుకు తీసుకున్నారు అన్నది దొరికింది. ఆమె బన్ని అని లోపలికి పిలవలేదు గానీ, అరుగు చూపించి కూర్చోమంది. కూర్చున్నాను.

వాళ్ళ ఇంటి ఆనవాయితీ ఆమె చెప్పగా తెలిసింది. ఎరువు కోసం కాపరులచేత పొలంలో రాత్రిళ్ళు మంద నిలిపించుకోవడం ఆ సీమలో అందరూ చేసేదే. ఓబులేసు ఐదు రాత్రులకు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న కాపరి కంబళిని మర్నాడు పొద్దున ఆ ఇంటి పెద్దావిడ స్వయంగా వెళ్ళి తెచ్చి దేవుడి గూటి ముందు పెడుతుంది. అన్ని రాత్రులూ అయ్యాక అందులోనే రాగులు కట్టి కాపరి భుజాన వేస్తారు. ఆమె అత్తగారి కాలం నుంచీ అంతే. కంబళి లోపలికి వచ్చిందంటే కాపరి ఇంటిమనిషైనట్టు. ఆ ప్రకారమే ఆదివారం పొద్దున ఆమె వెళ్ళి ఓబులేసు కంబళి తీసింది. మావాడు పరిగెత్తుకొచ్చి గుంజుకున్నాడు. ఆమె రాళ్ళ మీద పడింది.

ఇంత మాట నాకు ఒక్కసారి వింటే అర్థం కాలేదు. మూడుసార్లు చెప్పించుకున్నాను. రెండోసారి ఆమె చేతులతో చూపించబోయి నొప్పికి ఆగిపోయింది. మూడోసారి నంజుండప్పే అందుకొని, నా కోసం మెల్లగా, చిన్నచిన్న మాటల్లో చెప్పాడు. పది నిమిషాల కిందట నామీదికి దిగినవాడు నాకు అర్థమైందా లేదా అని నా మొహంలోకి చూస్తూ చెబుతున్నాడు. అంత మెల్లగా మాట్లాడుతూ ఎవరూ కోపం నిలుపుకోలేరు, ఆ సంగతి ఆ అరుగు మీదే తెలిసింది. చివర అతను అడిగాడు, మీ వైపు కంబళి తీస్తే ఏమంటారు అని. నాకొచ్చిన కన్నడంలో, ఆగి ఆగి, దొంగ అంటారు అని చెప్పాను. దొంగ అన్న మాట కోసం కాసేపు వెతుక్కోవాల్సి వచ్చింది. అది విని ముసలామె నోటి మీద కొంగు పెట్టుకుంది.

తీర్పు ఆమే చెప్పింది. కొడుకు గొణిగాడు గానీ కాదనలేదు. ఓబులేసు మిగిలిన నాలుగు రాత్రులూ మంద నిలపాలి. కంబళి గూటి ముందే ఉంటుంది. ఆమె చేయి బాగోలేదు కనుక ఆ నాలుగు రోజులూ మైలు దూరం బావి నుంచి ఇంటికి నీళ్ళు మోయాలి. ఒప్పుకుంటే పొద్దున దొడ్డి తలుపు తీస్తారు, కేసు లేదు. ఒప్పుకోకపోతే వేలం వేలమే, కేసు కేసే. వెళ్ళి అడిగి రా అంది.

పొద్దు గుంకుతోంది. చావడి తలుపు తీసి నన్ను లోపలికి పంపారు. ఓబులేసు గోడకానుకొని, ఒక పక్కకు ఒరిగి, పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది. నన్ను చూసి లేవలేదు.

"తిట్టేకి వచ్చినావా? తిట్టి పో అన్నా."

తిట్లు నిజంగానే నాలిక చివర ఉన్నాయి. ముసలిదాని చెయ్యి విరగ్గొట్టి నాకీ తలవంపులు తెచ్చాడు. గొర్రె అన్న మాట మళ్ళీ నోటిదాకా వచ్చింది. వసారాలో చేసే పనే చేశాను. అనబోయేదాన్ని ముందు లోపల కన్నడంలో కూర్చి చూసుకున్నాను. కుదరలేదు. సరుకు లేదు. కుదిరింది ఒక్కటే, దాన్నే తెలుగులో పైకన్నాను.

"ఏం జరిగిందిరా?"

"కార్డులో రాయించినాడు కదా."

"అది వాడు రాయించింది. నువ్వు చెప్పు."

వాడు తలెత్తి చూశాడు. "నువ్వు నన్ను అడిగిందే లేదు ఎప్పుడూ" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, ఆశ్చర్యంగా. అది నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. నేను వాణ్ణి చదువు మానొద్దన్నాను, గొర్రెలు వద్దన్నాను, ఇట్లా చెయ్యి అట్లా చెయ్యి అన్నాను. అడిగింది మాత్రం లేదు.

అప్పుడు చెప్పాడు. కంబళి పోతుంటే దొంగనన్నారనుకొని పరిగెత్తాడు. గుంజాడు. తోయాలని కాదు. "అవ్వ పడేసరికి లేపుదామని వంగినా అన్నా. అంతలోకే ఎనక నుంచి కర్ర పడింది." నేను ముసలామె చెప్పిన ఆనవాయితీ అంతా చెప్పాను. వాడు తల దించుకున్నాడు.

"అంటే ఆయమ్మ నన్ను ఇంటోన్ని చేసుకొనేకి వచ్చిందా?"

అవునన్నాను. పెద్ద మగాడు, ఇద్దరు బిడ్డల తండ్రి, మోకాళ్ళలో తల పెట్టుకొని ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను.

కానీ షరతు చెబితే మొండికేశాడు. నీళ్ళు మోస్తాడట, మంద నిలుపుతాడట, కంబళి లేకుండా మాత్రం ఉండనన్నాడు. ముదిగుబ్బ మందలన్నీ ఆ దారినే వస్తాయి. మనోళ్ళు ఒక్కడు చూసినా ఊరంతా చెప్తాడు, ఓబులేసు భుజం ఖాళీగా ఉండాదని. పొద్దున వేలం పెట్టుకొని వీడి రోషమేమిటని నాకు మళ్ళీ తల తిరిగింది. పళ్ళు బిగబట్టుకొని, అయితే ఏం చేద్దామో నువ్వే చెప్పు అన్నాను. అన్నాక ఊరుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. బయట కావలివాడు రెండుసార్లు దగ్గాడు. ఓబులేసు చివరికి, "మనోళ్ళు కనపడితే నేనే ముందుపోయి చెప్తాలే, యాడుండాదో, ఎందుకుండాదో" అన్నాడు. ఆ సమాధానం నాకు తట్టి ఉండేది కాదు.

శుక్రవారం పొద్దున ఏడింటికి దొడ్డి తలుపు తీశారు. అరవై గొర్రెలు తోసుకుంటూ కుంట వైపు ఉరికాయి. కుంటలో ఉన్నది బురదనీళ్ళే, అవే తాగాయి. నంజుండప్ప వాళ్ళింట్లో నాకు రాగిసంకటి, పచ్చిమిరపకాయల కారం పెట్టారు. ఓబులేసు రెండు కడవలతో నీళ్ళు తెచ్చి గడప దగ్గర దించి నిలబడ్డాడు. ముసలామె వాణ్ణి చూడలేదు, వాడు ఆమె కట్టు వైపు చూస్తున్నాడు.

నన్ను సాగనంపడానికి ఊరి చివర దాకా వచ్చాడు. ఖాళీ కడవ చేతిలో, భుజాలు రెండూ ఖాళీగా. నేలకేసి చూస్తూ అడిగాడు.

"అన్నా, నొప్పి ఉండాదా అవ్వా అని ఈళ్ళ బాసలో ఎట్ల అడగాల?"

"నోవైతా అజ్జీ" అని చెప్పాను. నాలుగుసార్లు అనిపించాను. తప్పు పోతుందేమోనని వాడు దాన్నే అనుకుంటూ వెనక్కి నడిచాడు. కడవ తిప్పుకుంటూ, పెదాలు కదుపుకుంటూ పోతుంటే బడికి పోయే పిల్లాడిలా కనబడ్డాడు.

తిరుగు దారిలో మడకశిర నుంచి పదింటి బస్సు దొరికింది. ఎవరైనా వెళితే పదింటిదే మంచిది, ఎండ ముదరకముందే హిందూపురంలో దింపుతుంది. అక్కడ నిన్నటి ఏజెంటు నిలబడి ఉన్నాడు. నిన్న అరిచింది నేనే, తప్పు నాదే అన్నాను. అతను నన్ను పోల్చుకోలేకపోయాడు. "దినమూ పదిమంది అరుస్తారు సార్, యావడని గుర్తు పెట్టుకుందు" అన్నాడు. ఇద్దరం టీ తాగాం.

మధ్యాహ్నం బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఇంకో భాష నేర్చుకుంటే బుద్ధి పెరుగుతుందని బసవరాజయ్యగారు అంటుంటారు. నాకు పెరిగిందో లేదో తెలియదు. నాలో ఇంకో మనిషి కొత్తగా పుట్టాడు, అది మాత్రం తెలుసు. వాడికి మాటలు తక్కువ, తిట్లు అసలు లేవు, ప్రతిదీ అడిగి తెలుసుకోవాలి. నలభై ఏళ్ళుగా తెలుగులో నాకు అన్నీ తెలుసు. నిన్న సాయంత్రం ఇల్లు నిలబెట్టింది ఏమీ తెలియని ఆ రెండోవాడు. ఇట్లా అనుకొని కొంచెం గర్వపడ్డాను కూడా. మిగిలిన రొట్టె తీసి తిన్నాను.

పెనుకొండ దాటాక గుర్తొచ్చింది. ఓబులేసు చావడిలో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. చెయ్యి పక్కటెముకల మీద నుంచి తీయలేదు. పొద్దున రెండు కడవలూ ఒకే పక్క మోశాడు, దించేటప్పుడు పళ్ళు బిగించాడు. ఆదివారం పడిన కర్ర అది. ఎన్నో అడిగానని మురిసిపోయాను. ముసలామె చేతికేమైందని అడిగాను, కంబళి సంగతి అడిగాను, ఏం జరిగిందిరా అని అడిగాను. వాడు వాళ్ళ అజ్జిని అడగడానికి నా దగ్గర నేర్చుకున్న మాటను నేను వాణ్ణి ఏ భాషలోనూ అడగలేదు.

ధర్మవరంలో దిగిపోయాను. అనంతపురం దాకా టిక్కెట్టు ఉంది కదయ్యా అన్నాడు గేటు దగ్గరి మనిషి. ఉంది గానీ, హిందూపురం వైపు పోయే బండి ఎన్ని గంటలకు అని అడిగాను.